వ్యాన్ డిక్కీ డోరు సెకండ్ హ్యాండ్‌లో కొంటున్నారా? విశాఖ వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

ఓమ్నీ, ఈకో లాంటి వ్యాన్లకి వెనక పైకెత్తి తెరిచే డోరు పాడైతే, పాతదొకటి చూసి వేసుకుందామనుకునేవాళ్ల కోసం ఇది. బండి ఇంకా వారంటీలో ఉంటే దీంతో పని లేదు, నేరుగా షోరూముకి వెళ్లిపోండి.

డోరు మార్చాల్సిందేనా? టింకరింగ్ చేయిస్తే సరిపోదా?

దెబ్బ ఎక్కడ తగిలిందన్నదాన్ని బట్టి. రేకు మధ్యలో సొట్ట పడితే టింకరింగే చవక. అంచు మడత, అద్దం చుట్టూ ఉండే ఫ్రేము, కీలు బిగించే చోటు, లాక్ కూర్చునే చోటు, వీటిలో ఏది వంకరపోయినా డోరు మార్చడమే మేలు. ఫ్రేము ఒకసారి మెలితిరిగాక ఎంత మంచి మేస్త్రీ కొట్టినా ఒక మూల కూర్చుంటే ఇంకో మూల లేస్తుంది. వానొస్తే నీళ్లు అక్కణ్నుంచే దిగుతాయి.

వెనక నుంచి గట్టిగా గుద్దించుకున్న బండైతే డోరు ఒక్కటే పోదు, అది కూర్చునే బాడీ చట్రం కూడా జరుగుతుంది. డోరు కోసం బయల్దేరే ముందు ఆ చట్రాన్ని టేపుతో ఐమూలగా కొలవండి. ఎడమ పైమూల నుంచి కుడి కిందిమూలకి ఒకసారి, కుడి పైమూల నుంచి ఎడమ కిందిమూలకి ఇంకోసారి. రెండు కొలతలూ ఒకటే రావాలి. తేడా ఉంటే ముందు బాడీ లాగించాలి, డోరు సంగతి తర్వాత. ఈ చిన్న పని వదిలేసినవాళ్లే "మీ డోరు పడట్లేదండీ" అంటూ దుకాణం చుట్టూ తిరుగుతుంటారు.

సెకండ్ హ్యాండ్ అనుకున్నాక కొత్తదాని ధరతో పనేముంది?

చాలా ఉంది. బేరానికి మీ చేతిలో ఉండే ఆయుధం అదొక్కటే. 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం జీఎస్టీ ఉన్న వాహన విడిభాగాలు 18 శాతంలోకి వచ్చాయి. అంతకుముందు ఎప్పుడో విన్న ధర మనసులో పెట్టుకుని పాత సామాను కొంటే నష్టపోయేది మీరే. కంపెనీ స్పేర్ల కౌంటర్‌కి వెళ్లి ఆర్సీలోని ఛాసిస్ నంబర్ చెబితే ధరతో పాటు పార్ట్ నంబర్ కూడా చెబుతారు. ఆ నంబర్ రాసుకోండి, తర్వాత పనికొస్తుంది.

కొత్త డోరు మామూలుగా రంగు లేకుండా ప్రైమర్ మీద వస్తుంది. అద్దం, లాక్, రబ్బరు విడిగా కొనాలి. పాతదానికి అవన్నీ ఉండొచ్చు, కానీ రంగు దానికీ వేయించాలి. అంటే రంగు ఖర్చు రెండు వైపులా ఉంది, పోల్చేటప్పుడు దాన్ని పక్కన పెట్టేయండి. మిగిలిన లెక్కలో పాతది కొత్తదానిలో సగం దాటితే నేనైతే కొత్తదే తీసుకోమంటాను.

ఏ బండి డోరు ఏ బండికి పడుతుంది?

ముందు ఓమ్నీ సంగతి. 1984లో మారుతి వ్యాన్ పేరుతో వచ్చింది, 1988లో ఓమ్నీ అయింది, 2019లో తయారీ ఆగిపోయింది. అన్నేళ్లలోనూ డబ్బా ఆకారం పెద్దగా మారలేదు. "ఏ ఓమ్నీదైనా ఏ ఓమ్నీకైనా పడుతుంది" అని మార్కెట్లో అనేది అందుకే. అది సగమే నిజం. రేకు పడొచ్చు, లాకూ హ్యాండిలూ నంబర్ ప్లేటు లైటూ పడకపోవచ్చు. పైగా రూఫ్ ఎత్తు పెంచిన ఎక్స్‌ఎల్ ఓమ్నీలు కూడా రోడ్డు మీద ఉన్నాయి. మీదో, ఆ డోరు ఊడదీసిన బండో ఎక్స్‌ఎల్ అయితే ఎత్తు కొలవకుండా డబ్బు ఇవ్వకండి.

ఈకో 2010లో వచ్చింది. దాని బాడీకి మూలం 2001 నాటి వెర్సా, అప్పట్లో అమితాబ్, అభిషేక్ ఇద్దరూ కలిసి ప్రకటనల్లో కనిపించిన బండే. ప్రకటన బాగానే ఉంది కానీ బండి పెద్దగా అమ్ముడుపోలేదు, అందుకే వెర్సా సామాను ఇప్పుడు అరుదు. ఎక్కడైనా వెర్సా డోరు చూపించి "ఈకోకి అచ్చంగా సరిపోద్ది" అంటే వెంటనే కాదనక్కర్లేదు, అలాగని వెంటనే నమ్మనూ వద్దు. కీళ్ల బోల్టు రంధ్రాలు, లాక్ ఎత్తు, నంబర్ ప్లేటు పైన ఉండే పట్టీ, వైపర్ రంధ్రం, ఇవి నాలుగూ మీ డోరుతో పక్కపక్కన పెట్టి చూడాలి.

ఈకోలోనే మళ్లీ ప్యాసింజర్, కార్గో, అంబులెన్స్ అని రకాలున్నాయి. అంబులెన్స్‌కి వాడిన బండి డోరుకి స్టిక్కర్లు, అదనపు లైట్ల కోసం వేసిన రంధ్రాలు ఉంటాయి. వాటిని వెల్డింగ్‌తో పూడ్చితే చుట్టూ తుప్పు మొదలవుతుంది. మూడో బ్రేక్ లైటు ఉన్న డోరూ లేని డోరూ రెండూ మార్కెట్లో కనిపిస్తాయి. మీ బండికి ఉంటే కొనే డోరుకీ ఉండాలి.

ఓమ్నీ డోరు ఈకోకి పడదు. ఎవరు చెప్పినా సరే.

టాటా వెంచర్ లాంటి ఆగిపోయిన బండ్లకి డోరు ఎప్పుడు దొరుకుతుందో చెప్పలేం కాబట్టి, దొరికినప్పుడు కొంచెం సొట్ట ఉన్నా తీసుకోవడమే నయం.

కొలతలకి వెళ్లేటప్పుడు ఏం పట్టుకెళ్లాలి?

కుదిరితే బండే తీసుకెళ్లండి. డోరు మూతపడక తాడుతో కట్టి తిప్పుతున్న బండైతే దగ్గర్లోని మెకానిక్ దగ్గరే ఉంచి ఫోన్‌లో ఫొటోలు తీసుకోండి. డోరు మొత్తం ఫొటో ఒక్కటి తీసి సరిపెట్టుకోవద్దు. కీలు దగ్గర నుంచి, లాక్ దగ్గర నుంచి, వైరు బాడీలోంచి డోరులోకి వెళ్లే రబ్బరు గొట్టం, దాని చివర వైర్లని కలిపే ప్లగ్గు, అంటే కప్లర్, విడివిడిగా తీయాలి. కప్లర్‌లో ఎన్ని పిన్నులున్నాయో కనిపించాలి. రేకు కలిసినా కప్లర్ కలవకపోతే ఎలక్ట్రీషియన్ వైర్లు కత్తిరించి టేపు చుడతాడు, మొదటి వానకే ఆ జాయింటు పచ్చబడుతుంది.

కొలతలు మూడు చాలు: రెండు కీళ్ల మధ్య దూరం, కీళ్ల గీత నుంచి లాక్ మధ్యకి దూరం, కింది అంచు వెడల్పు. ఆర్సీలో తయారైన నెల, సంవత్సరం కూడా చూసుకోండి. రిజిస్ట్రేషన్ తేదీ చెబితే సరిపోదు, డిసెంబరులో తయారైన బండి ఫిబ్రవరిలో రిజిస్టర్ కావడం మామూలే.

విశాఖలో ఎక్కడ వెతకాలి?

గాజువాక ఆటోనగర్ నుంచి మొదలుపెట్టండి. పాత బండ్లు విప్పేవాళ్లు, టింకరింగ్ షెడ్లు, పెయింటింగ్ వాళ్లు ఒకరికొకరు దగ్గర్లో ఉండటం అక్కడ సౌకర్యం. ఒకరి దగ్గర లేకపోతే వాళ్లే ఇంకొకరికి ఫోన్ చేసి కనుక్కుంటారు. కంచరపాలెం, మర్రిపాలెం వైపు షెడ్లలో కూడా అడగొచ్చు. పని ఆగిపోయిన బండి ఏదో ఒకటి మూలన పడి ఉంటుంది. లాక్, రబ్బరు, డోరుని పైకెత్తి నిలబెట్టే షాకర్ లాంటి చిన్న సామాను కొత్తదే కావాలంటే డాబాగార్డెన్స్ వైపు స్పేర్ల షాపులు చూడండి.

ఉదయం పూట వెళ్లండి. ఎండలో రేకు మీద ఎగుడుదిగుళ్లు కనిపిస్తాయి, సాయంత్రం షెడ్డులో ట్యూబ్‌లైటు కింద ఏ డోరైనా బాగానే కనిపిస్తుంది.

తుప్పు ఎంతవరకు పర్వాలేదు?

మన ఊళ్లో మిగతావన్నీ ఒక ఎత్తు, ఇదొక్కటే ఒక ఎత్తు. సముద్రపు గాలిలో ఉప్పు ఉంటుంది, తేమ ఏడాది పొడుగునా ఉంటుంది. బీచ్ రోడ్డు పక్క అపార్ట్‌మెంట్లలో, భీమిలి దారిలో బయట పెట్టిన బండికి తుప్పు పైనుంచి రాదు, లోపల్నుంచి వస్తుంది. పైన రంగు నిగనిగలాడుతూ ఉంటుంది.

డోరు అంటే రెండు రేకులు. బయటి రేకు అంచుని లోపలి రేకు మీదికి మడిచి నొక్కుతారు. ఆ మడతలోకి దిగిన నీళ్లు పోవడానికి కింద సన్నటి రంధ్రాలు ఉంటాయి. దుమ్ము, ఆకులు చేరి అవి మూసుకుపోతే నీళ్లు అక్కడే నిలుస్తాయి. అందుకే డోరు చూడగానే తిరగేసి కింది అంచు చూడండి. మడత వెంబడి వేలు పెట్టి జరపండి. రంగు బుడగలు తగిలితే లోపల రేకు తినేసినట్టే. స్క్రూడ్రైవర్ మొనతో మెల్లగా గుచ్చండి. గట్టిగా ఠంగుమంటే మంచిది, మెత్తగా దిగితే ఆ డోరు తుక్కుకే. అమ్మేవాడు "గుచ్చకండి సార్, రంగు పోద్ది" అంటే నవ్వి ఊరుకోండి, ఎలాగూ ఆ రంగు తీసేసి మీ రంగు వేయించుకునేదే కదా.

తర్వాత అద్దం కింది భాగం. రబ్బరు బీడింగ్ ఉన్న డోరైతే రబ్బరుని గోటితో ఎత్తి చూడండి. అద్దం రబ్బరు కింద తుప్పు ఉంటే వాన నీళ్లు డోరు లోపలికే కారుతున్నాయన్నమాట. ఆ తర్వాత కీళ్ల బోల్టుల చుట్టూ, నంబర్ ప్లేటు స్క్రూల చుట్టూ చూడాలి.

ఇంకో పరీక్ష ముక్కుతో చేసేది. ఫిషింగ్ హార్బర్‌కి చేపల పెట్టెలు మోసిన వ్యాన్లు మన దగ్గర చాలానే ఉంటాయి. ఐసు కరిగిన ఉప్పునీళ్లు వెనక్కి వచ్చి డోరు గడప దగ్గరే నిలుస్తాయి. లోపలి అట్ట తీసి వాసన చూడండి. ఎన్నిసార్లు కడిగినా ఆ నీచు పోదు. అలాంటి డోరు ఉచితంగా ఇచ్చినా వద్దు.

మరి ఏది పర్వాలేదు? పైన అక్కడక్కడా గోధుమ రంగు మచ్చలు, గీకితే కింద తెల్లటి ఇనుము కనిపించేవి పర్వాలేదు. చిల్లు ఉంటే, అది పైసా అంత ఉన్నా సరే, మడతలో ఉంటే వదిలేయండి. చదునైన రేకు మధ్యలో ఉంటే ధర బాగా తగ్గించి తీసుకోవచ్చు.

పుట్టీ పెట్టి కప్పేశారేమో ఎలా తెలుస్తుంది?

చిన్న అయస్కాంతం ఒకటి జేబులో వేసుకెళ్లండి. మరీ బలమైనది వద్దు, ఫ్రిజ్‌కి అంటించేది చాలు. రేకు మీద మెల్లగా జరుపుతూ పోతే పుట్టీ మందంగా ఉన్నచోట పట్టు వదులుతుంది. వేలితో కొట్టినా శబ్దం మారుతుంది. పుట్టీ కొంచెం ఉండటం తప్పు కాదు, పాత బండ్లకి సహజం. దాని కింద ఏముందో తెలియకపోవడమే ఇబ్బంది.

డోరుతో పాటు ఏమేమి అడిగి తీసుకోవాలి?

అద్దం, రెండు కీళ్లు, లాక్, లోపలి అట్ట, వైరింగు. కీళ్లు ఆ డోరువే రావాలి, ఎందుకంటే కీలూ డోరూ కలిసి అరిగి ఉంటాయి. అద్దం మీద ఐఎస్‌ఐ గుర్తు ఉందో లేదో చూడండి. అది టఫెన్డ్ గ్లాసు, అంచున చిన్న పెచ్చు లేచి ఉన్నా ఏదో ఒక రోజు ఎండలో మొత్తం ముక్కలైపోవచ్చు.

తాళం విషయంలో మాత్రం మీ పాత డోరు తాళం గుండునే కొత్త డోరుకి మార్పించుకోండి. లేకపోతే బండికి రెండు తాళంచెవులు మోయాలి. బాడీ వైపు ఉండే రబ్బరు బీడింగ్ పాతది తీసుకోకండి. నలిగిన రబ్బరు మళ్లీ ఉబ్బదు, కొత్తదే వేయించండి.

పాత గ్యాస్ షాకర్లు పనికొస్తాయా?

డోరుని పైకి పట్టుకుని నిలబెట్టే ఆ రెండు గొట్టాలలో నైట్రోజన్ గ్యాస్ ఒత్తిడితో నింపి ఉంటుంది. కొన్నేళ్లకి సీలు కారిపోయి బలం తగ్గుతుంది. పాతవి తీసుకోవద్దు, కొత్తవి జతగా కొనండి. ఒకటే మారిస్తే డోరు ఒక పక్కకి లాగుతుంది. బిగించేటప్పుడు సన్నటి కడ్డీ వైపు కిందికి ఉండాలి, డోరు మూసినప్పుడు. అలా ఉంటే లోపలి నూనె సీలు దగ్గరే ఉంటుంది. పాత షాకర్లని కోయడం, గ్యాస్ కట్టర్‌తో వేడి చేయడం ప్రాణం మీదికి తెస్తుంది. షెడ్డులో కుర్రాళ్లకి ఈ మాట గట్టిగా చెప్పండి.

దొంగ సామాను కాదని నమ్మకం ఏమిటి?

కాగితమే నమ్మకం. బిల్లు మీద ఏ బండి నుంచి విప్పారో ఆ బండి నంబర్ గానీ ఛాసిస్ నంబర్‌లో చివరి అంకెలు గానీ రాయించుకోండి. రిజిస్టర్డ్ స్క్రాపింగ్ కేంద్రం నుంచి వచ్చిన సామాను అయితే ఈ చిక్కు చాలావరకు ఉండదు. దొంగ సొత్తని తెలిసి, లేదా అలా అనుకోవడానికి కారణం ఉండి కూడా కొన్నవాళ్లకి భారతీయ న్యాయ సంహిత 317 సెక్షన్ కింద శిక్ష ఉంది. "బిల్లు లేకపోతే ఇంకో రెండొందలు తగ్గిస్తాను" అనే బేరం అందుకే ఒప్పుకోకూడదు. డోరు మీద పాత నంబర్ ప్లేటు ఇంకా ఉంటే అది అక్కడే విప్పించి వదిలేసి రండి.

విజయవాడ ఆటోనగర్ నుంచి తెప్పించుకోవచ్చా?

తెప్పించుకోవచ్చు. అక్కడ సరుకు ఎక్కువ, సముద్రపు గాలి మనంత ఉండదు కాబట్టి రేకు కూడా బాగుండే అవకాశం ఉంది. దాదాపు 350 కిలోమీటర్ల దూరం, లారీ ట్రాన్స్‌పోర్టులో వేయిస్తే వస్తుంది. డబ్బు పంపే ముందు వీడియో కాల్‌లో కింది అంచు మడత, కప్లర్, కీళ్లు చూపించమనండి. అద్దంతో పంపిస్తే డోరుని పడుకోబెట్టకుండా నిలబెట్టి, చుట్టూ పాత దుప్పటి కట్టమనాలి. లారీలో పడుకోబెడితే దాని మీద ఇంకొకరి గేర్‌బాక్సు పెట్టేస్తారు.

బిగించాక ఏం చూసుకోవాలి?

చుట్టూ సందు సమంగా ఉందా అన్నది మొదటిది. పైన వేలు దూరేంత, కింద గోరు దూరనంత ఉంటే కీళ్లు మళ్లీ సర్దాలి. కీళ్ల బోల్టులు వదులు చేసి డోరుని అటూ ఇటూ జరిపి బిగిస్తారు, లాక్ కొక్కేన్ని కూడా కొంచెం జరపొచ్చు. ఓపిగ్గా చేయాల్సిన పని. మేస్త్రీ తొందరపడుతున్నాడంటే టీ చెప్పించండి.

రెండోది కాగితం పరీక్ష. రబ్బరుకీ డోరుకీ మధ్య పది రూపాయల నోటు పెట్టి డోరు మూసి లాగండి. బిగువుగా రావాలి. చుట్టూ ఇలా చూస్తూ పోతే, నోటు జారిపోయే చోటు దొరుకుతుంది. తర్వాత పైపుతో నీళ్లు కొట్టిస్తూ లోపల ఒకరిని టార్చితో కూర్చోబెట్టండి.

ఇదంతా నీళ్ల కోసమే అనుకోకండి. వెనక డోరు సరిగ్గా మూసుకోకపోతే, బండి పరుగులో వెనక ఏర్పడే గాలి సుడి సైలెన్సర్ పొగని లోపలికి లాగుతుంది. ఆ పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగు లేదు, వాసన లేదు. కిటికీలు మూసుకుని అరకు ఘాట్ ఎక్కుతుంటే వెనక సీట్లో పిల్లలకి తలనొప్పి, వాంతులు మొదలైతే మలుపుల వల్లే అనుకుంటాం. ఒకసారి ఈ డోరు రబ్బరు కూడా చూడండి. డోరు సగం తెరిచి తాడుతో కట్టి హైవే మీద తిరగడం ఇంకా ప్రమాదం.

రంగు ఎలా కలపాలి?

రంగు పేరు చెబితే షేడు తేడా వస్తుంది, కోడ్ చెప్పండి. మారుతి సుపీరియర్ వైట్‌కి 26యు, సిల్కీ సిల్వర్‌కి జెడ్2ఎస్. కోడ్ కలిసినా పదేళ్ల ఎండకి మీ బండి రంగు మారి ఉంటుంది కాబట్టి పెయింటర్‌కి బండి చూపించి షేడు కలిపించడమే సరైనది. తెలుపు సులువు, సిల్వర్ కష్టం. ముసురు పట్టిన రోజు రంగు వేయించకండి, తేమకి పైపూత పాలిపోయినట్టు మసకబారుతుంది. రంగు ఆరాక మడత లోపలికి మైనపు పూత స్ప్రే కొట్టించండి. విశాఖలో ఉండే బండికి దీన్ని అదనపు ఖర్చు కింద లెక్కేయకూడదు.

నంబర్ ప్లేటు, ఆర్టీవో సంగతేమిటి?

అదే రంగు డోరు మార్చితే ఆర్సీలో ఏమీ మార్చక్కర్లేదు. ప్లేటు డోరుకే ఉండి, హై సెక్యూరిటీ ప్లేటు అయితే దాని స్నాప్ లాక్ ఒకసారి తీస్తే విరిగిపోతుంది. మామూలు స్క్రూతో బిగించి ఊరుకోకుండా అధీకృత డీలరు దగ్గర మళ్లీ లాక్ వేయించండి. ప్లేటు లైటు వెలగాలి. రాత్రిపూట వెనక నుంచి 15 మీటర్ల దూరంలో నంబర్ చదవగలగాలన్నది నిబంధన. పసుపు ప్లేటు బండ్లకి ఎనిమిదేళ్ల దాకా రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా ఫిట్‌నెస్ ఉంటుంది. వెళ్లే ముందు ఈ లైటూ, వెనక రిఫ్లెక్టర్ టేపూ చూసుకోండి. సీఎన్జీ బండైతే వెనక అద్దం మీది స్టిక్కరు కూడా కొత్తగా అంటించాలి.

ఇన్సూరెన్స్‌లో క్లెయిమ్ చేస్తే మేలు కాదా?

బండి వయసు బట్టి లెక్క వేసుకోండి. జీరో డిప్రిసియేషన్ (భాగాల పాతదనానికి కోత వేయని సదుపాయం) లేని మామూలు పాలసీలో పదేళ్లు దాటిన బండికి ఇనుప భాగాల మీద 50 శాతం కోత, రబ్బరు, ప్లాస్టిక్ మీద ఎప్పుడైనా 50 శాతం. అద్దానికి మాత్రం కోత లేదు. లెక్క కోసం రేకు డోరు ఖరీదు 10,000 అనుకుందాం. పన్నెండేళ్ల సొంత ఓమ్నీకి 5,000 కోత, తప్పనిసరిగా మీరు భరించాల్సిన 1,000 తీస్తే చేతికొచ్చేది 4,000. దాంతో పాటు నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో దొరికే తగ్గింపు, పోతుంది. అది 50 శాతం దాకా పెంచుకున్నవాళ్లు మరీ ఆలోచించాలి. అద్దంతో సహా అంతా పగిలి, బండి మూడు నాలుగేళ్లదే అయితే క్లెయిమే నయం. కంపెనీకి తెలియకుండా ముందే పాత డోరు వేయించి తర్వాత క్లెయిమ్ అడిగితే ఇవ్వరు, సర్వేయర్ చూసేదాకా ఆగాలి.

ఊడదీసిన పాత డోరుని ఏం చేయాలి?

కొత్తది బిగించి, ఒక వాన చూసేదాకా ఉంచండి. తర్వాత అద్దం బాగుంటే విడిగా అమ్మండి, తూకానికి వేస్తే దానికి విలువ రాదు. నంబర్ లైటు, వైరు కప్లర్, కీళ్ల బోల్టులు ఒక డబ్బాలో వేసి దాచుకోండి, ఓమ్నీ వాళ్లయితే మరీనూ. మిగిలిన రేకుని డోరు కొన్న దుకాణంలోనే మార్పిడి కింద అడగండి. పని అంతా అయ్యాక అడిగితే కిలోల లెక్కే చెబుతారు, అందుకే ఈ మాట మొదటి బేరంలోనే పెట్టాలి.